సముద్రానికీ అయనావరణానికీ నడుమ

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం మీడియం వేవ్ మీద 927 కిలోహెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. 1963లో మొదలైన ఈ కేంద్రాన్ని ఉత్తరాంధ్రలో మూడు తరాలు విన్నాయి. పాత ట్రాన్సిస్టర్ వాడిన వాళ్లందరికీ ఒక సంగతి అనుభవమే. పగలు ముల్లు ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పితే రెండో మూడో స్టేషన్లు దొరుకుతాయి. పొద్దుగూకి గంట గడిచేసరికి అదే ముల్లు మీద సందు లేకుండా గొంతులు చేరతాయి. చెన్నై వినిపిస్తుంది, కోల్‌కతా వినిపిస్తుంది, ఏ దేశానివో తెలియని భాషలు వినిపిస్తాయి. ఒకటి పెరుగుతుంటే ఇంకొకటి తగ్గుతుంది, కాసేపటికి తగ్గింది మళ్లీ పైకి వస్తుంది. తెల్లారేసరికి దూరపు స్టేషన్లన్నీ మాయమవుతాయి.

రాత్రయిందని ఏ కేంద్రమూ తన శక్తిని పది రెట్లు పెంచదు. మన రేడియో కూడా మారలేదు. మారిందల్లా నేలకు అరవై నుంచి వంద కిలోమీటర్ల ఎత్తున ఉన్న పలచని గాలి, అంటే అయనావరణం అనే పొరల కింది భాగం.

ఆ ఎత్తుకు చేరడం మనిషికి చాలా కష్టం. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ వారి బెలూన్ కేంద్రం ఎగరేసే పెద్ద బెలూన్లు కూడా నలభై కిలోమీటర్ల ఆసుపాసుల్లో ఆగిపోతాయి, ఆపైన వాటిని తేల్చడానికి తగినంత గాలి ఉండదు. ఉపగ్రహం అక్కడికి దిగితే ఆ కొద్దిపాటి గాలి రాపిడికే కాలి రాలిపోతుంది. శ్రీహరికోట నుంచి వెళ్లే సౌండింగ్ రాకెట్లు ఆ పొరను చీల్చుకుని పోతాయి గానీ అందులో ఉండేది ఒకటి రెండు నిమిషాలే. రోజంతా, ఏడాదంతా ఆ పొరను తాకి కబురు తెచ్చేవి తక్కువ పౌనఃపున్యం గల రేడియో తరంగాలు. అవి అక్కడి నుంచి ఎలా వెనక్కి వస్తాయో ఈ అధ్యాయంలో చూద్దాం. చూడడానికి విశాఖపట్నం కంటే మంచి చోటు దొరకదు. ఈ ఊళ్లో సముద్రం ఉంది, జలాంతర్గాములు ఉన్నాయి, దశాబ్దాలుగా అయనావరణాన్ని చదువుతున్న విశ్వవిద్యాలయం ఉంది.

పైకి పోయిన తరంగం కిందికి ఎందుకు వచ్చింది?

1901 డిసెంబరులో మార్కోనీ ఇంగ్లండులోని పోల్డూ నుంచి పంపిన సంకేతం అట్లాంటిక్ దాటి న్యూఫౌండ్‌లాండ్‌లో వినిపించిందని ప్రకటించాడు. రేడియో తరంగం కాంతిలాగే సూటిగా పోతుంది, భూమి గుండ్రంగా ఉంది. మరి మూడు వేల కిలోమీటర్లకు పైగా వంపు తిరిగి ఎలా వెళ్లింది? మరుసటి ఏడు అమెరికాలో కెనెలీ, ఇంగ్లండులో హెవిసైడ్ ఎవరికి వారుగా ఒకే ఊహ చేశారు. పై వాతావరణంలో విద్యుత్తును మోయగల పొర ఒకటి ఉండాలి, తరంగం దాన్ని తాకి కిందికి వచ్చి ఉండాలి అన్నారు.

ఊహకు రుజువు దొరకడానికి మరో ఇరవై రెండేళ్లు పట్టింది. 1924 డిసెంబరులో ఒక రాత్రి ఆపిల్టన్, బార్నెట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు బోర్న్‌మత్‌లోని బీబీసీ ట్రాన్స్‌మిటర్ పౌనఃపున్యాన్ని మెల్లగా మార్పించి, ఆ ప్రసారాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో విన్నారు. నేల వెంట వచ్చిన తరంగం, పైకి పోయి తిరిగొచ్చిన తరంగం రెండూ ఒకే ఏరియల్‌ను చేరతాయి. శిఖరం మీద శిఖరం పడితే శబ్దం పెరుగుతుంది, శిఖరం మీద లోయ పడితే తగ్గుతుంది. పౌనఃపున్యం మారుతున్నకొద్దీ ఈ హెచ్చుతగ్గులు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టి, రెండు దారుల పొడవుల తేడా కట్టారు. పొర సుమారు తొంభై, వంద కిలోమీటర్ల ఎత్తున ఉందని తేలింది. ఈ పరిశోధనలకు ఆపిల్టన్‌కు 1947లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రిపూట మన ట్రాన్సిస్టర్‌లో పాట పెరుగుతూ తరుగుతూ వినిపించడానికి చాలావరకు ఇదే కారణం. ఆపిల్టన్ వాడిందీ మీడియం వేవే.

ఆ పొరలో జరిగేది ఇది. సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. విడిపోయిన ఎలక్ట్రాన్ చాలా తేలిక. రేడియో తరంగం దాన్ని తాకగానే తరంగం లయకు అది ఊగుతుంది. ఊగే ఎలక్ట్రాన్ తానూ ఒక చిన్న తరంగాన్ని వెలువరిస్తుంది. కోట్లాది ఎలక్ట్రాన్లు వెలువరించిన తరంగాలు అసలు తరంగంతో కలిసినప్పుడు దాని శిఖరాలు మామూలు కంటే వేగంగా ముందుకు జరుగుతాయి. పైకి పోయినకొద్దీ ఎలక్ట్రాన్లు ఎక్కువ కాబట్టి తరంగం పైకొస ముందుకు పరుగెత్తుతుంది, కిందికొస వెనకబడుతుంది. దాంతో తరంగం మొత్తం నేలవైపు వంగుతుంది. వంపు చాలినంత ఉంటే కిందికి దిగివస్తుంది, చాలకపోతే పొరను దాటి అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది.

తొమ్మిదితో ఒక లెక్క

ఎన్ని ఎలక్ట్రాన్లుంటే చాలు? దీనికి పాఠకుడు కాగితం మీద వేసుకోగల సూత్రం ఒకటుంది. ఒక ఘన సెంటీమీటరులో ఎన్ని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లున్నాయో ఆ సంఖ్యకు వర్గమూలం కట్టి తొమ్మిదితో గుణించాలి. వచ్చినన్ని కిలోహెర్ట్జ్ వరకు నిలువుగా పైకి పోయే తరంగాన్ని ఆ పొర వెనక్కి తిప్పగలదు.

విశాఖ కేంద్రానికి ఈ లెక్క వేద్దాం. 927ను తొమ్మిదితో భాగిస్తే 103. దాని వర్గం సుమారు 10,600. అంటే నడినెత్తిన నిలువుగా పైకి వెళ్లే తరంగాన్ని తిప్పడానికి ఘన సెంటీమీటరుకు పదివేల పైచిలుకు ఎలక్ట్రాన్లు కావాలి. వంద కిలోమీటర్ల ఎత్తున ఉండే ‘ఇ’ పొరలో రాత్రిపూట మిగిలేవి కొన్ని వేలే. కాబట్టి నిలువుగా వెళ్లిన తరంగం దాన్ని దాటి ఇంకా పైనున్న ‘ఎఫ్’ పొర దాకా వెళుతుంది. ఏటవాలుగా వెళ్లిన తరంగం సంగతి వేరు. నిలువు గీతకు అరవై డిగ్రీల కోణంలో పోయే తరంగాన్ని తిప్పడానికి సగం పౌనఃపున్యానికి సరిపడే ఎలక్ట్రాన్లుంటే చాలు. 463ను తొమ్మిదితో భాగించి వర్గం కడితే సుమారు 2,650. రాత్రి ‘ఇ’ పొర దగ్గర ఆ మాత్రం సరుకు ఉంటుంది. ఆ కోణంలో వెళ్లిన తరంగం వంద కిలోమీటర్ల ఎత్తున మళ్లితే సుమారు 350 కిలోమీటర్ల దూరంలో దిగుతుంది. విశాఖ నుంచి విజయవాడకు సూటిగా గీత గీస్తే దీనికి కాస్త తక్కువే. ఇంకా వాలుగా వెళ్లినవి ఒక్క గెంతులో రెండు వేల కిలోమీటర్ల దాకా పోగలవు.

మరి పగలు ఎలక్ట్రాన్లు ఇంకా ఎక్కువ కదా, పగలే బాగా వినిపించాలి కదా? అడ్డం వచ్చేది ‘ఇ’ పొర కింద, అరవై నుంచి తొంభై కిలోమీటర్ల మధ్య ఉండే ‘డి’ పొర. అక్కడి గాలిలో అతి స్వల్పంగా ఉండే నైట్రిక్ ఆక్సైడ్ మీద సూర్యుడి అతినీలలోహిత కిరణం ఒకటి పడి ఎలక్ట్రాన్లను విడదీస్తుంది. అంత కింద గాలి ఇంకా కొంత చిక్కగానే ఉంటుంది. ఎనభై కిలోమీటర్ల ఎత్తున ఒక్కో ఎలక్ట్రాన్ సెకనుకు సుమారు పది లక్షల సార్లు గాలి అణువులను ఢీకొంటుంది. మన 927 కిలోహెర్ట్జ్ తరంగం దాన్ని సెకనుకు తొమ్మిది లక్షల ఇరవై ఏడు వేల సార్లు ఊపుతుంది. అంటే దాదాపు ప్రతి ఊపుకూ ఒక దెబ్బ. తరంగం నుంచి తీసుకున్న శక్తిని ఎలక్ట్రాన్ తిరిగి తరంగంగా ఇవ్వలేదు, ఢీకొన్న అణువుకు వేడిగా ఇచ్చేస్తుంది. పగలు మీడియం వేవ్ పైకి పోయింది పోయినట్టే ‘డి’ పొరలో హరించుకుపోతుంది. అందుకే పగటి ప్రసారమంతా నేల వెంట పాకే తరంగం మీదే ఆధారపడుతుంది. పొద్దుగూకగానే ‘డి’ పొర ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ అణువులకు అతుక్కుని, అయాన్లతో కలిసిపోయి చాలావరకు మాయమవుతాయి, ‘ఇ’ పొరకు దారి తెరుచుకుంటుంది.

నేల వెంట పాకే తరంగానికి విశాఖలో ఒక అదృష్టం ఉంది. ఉప్పునీరు విద్యుత్తును బాగా మోస్తుంది కాబట్టి సముద్రం మీద ఆ తరంగం పొడి నేల మీద కంటే చాలా దూరం పోతుంది. పడవలో చిన్న ట్రాన్సిస్టర్ పెట్టుకుని వేటకు వెళ్లే గంగపుత్రులకు తుపాను హెచ్చరిక పట్టపగలు అందడానికి ఉప్పునీరే సాయం.

వాల్తేరు మీది ఆకాశం

విశాఖలోని వాల్తేరులో ఉన్న ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. అక్కడి భౌతికశాస్త్ర విభాగంలో అయనావరణ పరిశోధనకు పునాది వేసిన వారు ప్రొఫెసర్ బి. రామచంద్రరావు. ఈ కృషికి ఆయనకు భట్నాగర్ పురస్కారం లభించింది. 1950ల నుంచి ప్రపంచ శాస్త్ర పత్రికల్లో అయనావరణ వ్యాసాల మీద వాల్తేరు పేరు కనిపించేది. 17 డిగ్రీల 43 నిమిషాల ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల 18 నిమిషాల తూర్పు రేఖాంశం అని కొన్ని వ్యాసాల శీర్షికల్లోనే రాసి ఉండేది.

ఆ అక్షాంశానికి విలువ ఉంది. భూమి అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస మీదుగా పోతుంది. పగటిపూట ఆ రేఖ మీది ఎలక్ట్రాన్లు పైకి ఎగసి, అయస్కాంత రేఖల వెంట రెండు వైపులా దిగి, అహ్మదాబాద్, కోల్‌కతా వంటి చోట్ల మీద పోగవుతాయి. తిరునెల్వేలి మీద లోటు, కోల్‌కతా మీద మిగులు. విశాఖ ఈ రెండింటి నడుమ ఉంది, ఎలక్ట్రాన్లు ఎటు జరిగినా ఇక్కడ తెలుస్తుంది.

వాల్తేరులో చేసిన ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూద్దాం. ఒక ట్రాన్స్‌మిటర్ నిలువుగా పైకి తరంగం పంపుతుంది. కొద్ది దూరాల్లో త్రిభుజం మూలల మీద నిలబెట్టిన మూడు ఏరియళ్లు తిరిగొచ్చిన తరంగాన్ని పట్టి, దాని హెచ్చుతగ్గులను కాగితం మీదికి ఎక్కిస్తాయి. మూడు గీతల్లోనూ ఒకే ఆకారం కనిపిస్తుంది, కాకపోతే ఒకదాని తర్వాత ఒకటిగా, సెకనులో కొంత భాగం తేడాతో. ఏ ఏరియల్ దగ్గర ముందు కనిపించిందో, ఎంత ఆలస్యంగా రెండోదానికి చేరిందో కొలిస్తే పైనున్న ఎలక్ట్రాన్ల గుంపులు ఏ దిక్కుకు ఎంత వేగంతో కదులుతున్నాయో వస్తుంది. ‘ఎఫ్’ పొరలో ఆ కదలిక పగలు పడమరకు, రాత్రి తూర్పుకు ఉంటుంది. వేగం సెకనుకు సుమారు వంద మీటర్లు. రాకెట్టు లేకుండా, ఉపగ్రహం లేకుండా, మూడు తీగలతో ఆకాశంలో ఎలక్ట్రాన్ల కదలిక కొలిచారు. తర్వాతి తరంలో ఇదే విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్ పి.వి.ఎస్. రామారావు, ఆయన సహచరులు జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలతో దేశం మీది ఎలక్ట్రాన్ల మొత్తాన్ని లెక్కగట్టారు. విమానాలకు దారి చూపే ‘గగన్’ వ్యవస్థకు ఇలాంటి లెక్కలే ఆధారం.

అయితే ఈ పరికరాలకు ఒక హద్దు ఉంది. పొరల ఎత్తు కొలిచే అయనోసోండ్ అనే యంత్రం సాధారణంగా ఒక మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. మన సూత్రం ప్రకారం దానికి ఘన సెంటీమీటరుకు పన్నెండు వేల ఎలక్ట్రాన్లు కనిపిస్తే గానీ జవాబు రాదు. ‘డి’ పొరలో పగలే వందల్లో, రాత్రి పదుల్లో ఉంటాయి. దాన్ని తాకి తిరిగి రావాలంటే ఇంకా కిందికి, కిలోహెర్ట్జ్ పదుల్లోకి దిగాలి.

పదహారు కిలోమీటర్ల అల

తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర విజయనారాయణంలో నౌకాదళం వారి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ కేంద్రం ఉంది. 1990 నుంచి అది 18.2 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో సంకేతాలు పంపుతోంది. ఆ తరంగం ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి పొడవు పదహారున్నర కిలోమీటర్లు. విశాఖ కేంద్రపు తరంగం పొడవు 323 మీటర్లు మాత్రమే.

తొమ్మిది సూత్రంతో చూస్తే 18.2 కిలోహెర్ట్జ్‌కు ఘన సెంటీమీటరుకు నాలుగు ఎలక్ట్రాన్లు చాలు. నిజంలో అంత సుళువుగా జరగదు. డెబ్బై కిలోమీటర్ల ఎత్తున ఎలక్ట్రాన్ సెకనుకు యాభై లక్షల సార్లు ఢీకొంటుంది, తరంగం దాన్ని ఊపేది సెకనుకు పద్దెనిమిది వేల సార్లే. ఒక్క ఊపు పూర్తయ్యేలోగా వందల దెబ్బలు తింటుంది. అలాంటి ఎలక్ట్రాన్ల గుంపు లోహంలో ఎలక్ట్రాన్లు నడిచినట్టు నడుస్తుంది, అంటే ఆ గాలి ఒక వాహకం అవుతుంది. గాజువాక పక్కన ఉక్కు కర్మాగారంలో తయారయ్యే ఉక్కు కూడా రేడియో తరంగాన్ని స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల వల్లే వెనక్కి కొడుతుంది. ఉక్కులో ఘన సెంటీమీటరుకు అవి పది కోట్ల కోట్ల కోట్లకు పైగా ఉంటాయి. ఇంత పొడవైన తరంగానికి మాత్రం పగలు డెబ్బై కిలోమీటర్ల ఎత్తున ఉండే నాలుగు వందల ఎలక్ట్రాన్లు చాలు. రాత్రి ఎనభై ఐదు దాటాక ఢీకొట్టడాలు తగ్గుతాయి, అక్కడ ముప్పై నలభై ఉన్నా సరిపోతుంది.

ఇక్కడ తెలివైన పాఠకుడికి ఒక సందేహం రావాలి. 927 కిలోహెర్ట్జ్ తరంగాన్ని మింగేసిన ఆ ‘డి’ పొరే, ఆ ఢీకొట్టడాలే ఉండగా 18.2 కిలోహెర్ట్జ్ ఎలా బతికి బయటపడింది? జవాబు తరంగం పొడవులో ఉంది. సముద్రపు అలలతో దీన్ని తేలిగ్గా పోల్చుకోవచ్చు. రామకృష్ణా బీచ్‌లో ఇసుక వాలు మీదికి వచ్చే చిన్న అల ఆ వాలంతా పాకి, నురగై, తన శక్తిని అక్కడే వదిలేస్తుంది. సునామీ అల పొడవు వందల కిలోమీటర్లు. దాని పొడవు ముందు తీరపు వాలు ఏపాటిది? తీరం దానికి గోడతో సమానం, శక్తిలో చాలా భాగం సముద్రంలోకే తిరిగిపోతుంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత బంగాళాఖాతంలో నీటిమట్టం గంటల తరబడి ఎగుడుదిగుడవుతూ ఉండడానికి ఇలా తీరాలను తాకి మళ్లిన అలలూ ఒక కారణం.

‘డి’ పొరలో ఎలక్ట్రాన్లు కొన్ని కిలోమీటర్ల ఎత్తులోనే పదుల నుంచి వందలకు పెరుగుతాయి. 323 మీటర్ల తరంగానికి ఆ కొన్ని కిలోమీటర్లు సుదీర్ఘ ప్రయాణం. దారి పొడవునా శక్తి పోగొట్టుకుంటూ పోవాలి. పదహారున్నర కిలోమీటర్ల తరంగానికి ఆ మార్పంతా తన పొడవులో చిన్న ముక్క. లోపలికి చొరబడక ముందే అది మళ్లిపోతుంది, పోగొట్టుకునేది తక్కువ. తక్కువ పౌనఃపున్యపు తరంగాల పరావర్తనానికి మూలసూత్రం ఇదే. పొర పలచనా చిక్కనా అన్నది ఒక్కటే చూస్తే చాలదు, తరంగం పొడవుతో పోలిస్తే అది ఎంత త్వరగా చిక్కబడుతోంది అన్నది చూడాలి.

అలా పైన ‘డి’ పొర కప్పుగా, కింద సముద్రం నేలగా డెబ్బై, ఎనభై కిలోమీటర్ల ఎత్తున్న నడవా ఒకటి భూమి చుట్టూ ఏర్పడింది. పొడవైన తరంగాలు ఆ నడవాలో వేల కిలోమీటర్లు స్వల్ప నష్టంతో సాగిపోతాయి.

నీటి కిందికి కబురు

బీచ్ రోడ్డులో ఇసుక మీద నిలిపి ఉంచిన ఐఎన్ఎస్ కుర్సురాను చూడని విశాఖవాసి ఉండడు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విశ్రాంతి పుచ్చుకుని, మరుసటి ఏడు మ్యూజియంగా మారిన జలాంతర్గామి అది. తొంభై ఒక్క మీటర్ల ఆ ఇనుప గొట్టంలో తల వంచుకుని నడిచిన పిల్లలకు ఒక ప్రశ్న తట్టాలి: నీటి కింద ఉన్నప్పుడు లోపలి వాళ్లకు ఒడ్డు నుంచి ఆజ్ఞ ఎలా అందుతుంది?

ఉప్పునీరు వాహకం అన్నాం. సముద్రం మీద ప్రసారానికి మేలు చేసిన గుణమే నీటి కిందికి వెళ్లనివ్వదు. విశాఖ కేంద్రపు తరంగం పాతిక సెంటీమీటర్లు దిగేసరికే మూడో వంతుకు కుంగుతుంది. 18.2 కిలోహెర్ట్జ్ తరంగం అలా కుంగడానికి సుమారు రెండు మీటర్లు కావాలి. పది మీటర్ల లోతున రెండు వందల నలభయ్యో వంతు మిగులుతుంది. ఇరవై మీటర్ల లోతున అరవై వేలలో ఒక వంతు. నాజూకైన రిసీవరుకు ఆ పాటి లోతుల్లో ఇంకా ఆశ ఉంటుంది. జలాంతర్గామి పైకి తేలి శత్రువు కంటపడనక్కర్లేదు. నీటిమట్టానికి కొంచెం కిందుగా ఏరియల్ ఉంచుకుంటే చాలు.

తూర్పు నౌకాదళానికి విశాఖ కేంద్రస్థానం. ఇక్కడి జలాంతర్గామి స్థావరం ఐఎన్ఎస్ వీరబాహు 1971 నాటిది. దేశపు తొలి అణు జలాంతర్గామి అరిహంత్ 2009 జులై 26న జలప్రవేశం చేసింది ఈ ఊళ్లోనే. వారాల తరబడి నీటి అడుగున ఉండగల నౌకకు ఒడ్డు మాట వినే దారి ఇదే. ఈ దారిలో మాటలు ఎక్కువ పట్టవు. సెకనుకు వంద, రెండు వందల బిట్ల వేగం. పొట్టి సందేశాలే పోతాయి, గొంతు పోదు, బొమ్మ అసలే పోదు. పైగా ఒకవైపే. జలాంతర్గామి ఈ పౌనఃపున్యం మీద జవాబివ్వాలంటే కిలోమీటర్ల పొడవున్న ఏరియల్ మోయాలి.

ఒడ్డు మీది కేంద్రానికి కూడా అదే బాధ. తరంగంలో నాలుగో వంతు ఎత్తున టవరు కట్టాలంటే నాలుగు కిలోమీటర్లకు పైగా పోవాలి, అది జరిగే పని కాదు. వందల మీటర్ల టవర్లు నిలిపి, వాటి మీద విశాలంగా తీగల గొడుగు పరిచి, కింద నేలలో రాగి తీగలు పాతి ఆ కొరతను కొంత పూడుస్తారు. అందుకే ఇలాంటి కేంద్రానికి అంత స్థలం కావాలి. తెలంగాణలో వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో దేశపు రెండో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. విశాఖలోని తూర్పు నౌకాదళమే ఆ చోటును ఎంచుకుంది. తీసుకున్నది సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి. మూసీ నది పుట్టిన అనంతగిరి కొండల సీమ అది. అక్కడి చెట్ల కోసం, నీటి కోసం స్థానికులు పడుతున్న ఆందోళన న్యాయమైనదే. తరంగాలకు కావలసింది తెరిపి ఉన్న నేల, తడి ఉన్న మట్టి. టవర్లకూ తీగలకూ అక్కరలేని ప్రతి చెట్టునూ నిలబెట్టడం నౌకాదళం బాధ్యత.

సూర్యుడి జాడ, మెరుపు జాడ

విజయనారాయణం నుంచి విశాఖకు సూటిగా పన్నెండు వందల కిలోమీటర్లు. అక్కడి సంకేతాన్ని ఇక్కడ రోజంతా పట్టి గీత గీస్తే ‘డి’ పొర దినచర్య కాగితం మీద కనిపిస్తుంది. పొద్దుపొడుపు వేళ గీత కిందికి జారి మళ్లీ లేస్తుంది, ఎందుకంటే రాత్రి ఎనభై ఐదు కిలోమీటర్ల పైన ఉన్న కప్పు డెబ్బైకి దిగుతోంది. సాయంత్రం దీనికి విరుద్ధంగా జరుగుతుంది. మిట్టమధ్యాహ్నం గీత నిలకడగా ఉంటుంది. ఆ నిలకడలో ఉన్నట్టుండి కొన్ని నిమిషాల్లో మారి, గంటసేపు మెల్లగా మామూలు స్థితికి వస్తే, సూర్యుడి మీద పెద్ద జ్వాల లేచిందని అర్థం. జ్వాల వెలువరించిన ఎక్స్ కిరణాలు ‘డి’ పొర దిగువ దాకా చొచ్చుకుపోయి అక్కడ కొత్తగా ఎలక్ట్రాన్లను పుట్టిస్తాయి, కప్పు మరికొన్ని కిలోమీటర్లు కిందికి దిగుతుంది. అదే సమయంలో షార్ట్ వేవ్ రేడియోలు మూగబోతాయి. కారణం ఒకటే, ఫలితాలు రెండు. పొట్టి తరంగాన్ని ఆ పొర మింగేస్తుంది, పొడవైన తరంగాన్ని మళ్లిస్తుంది.

గ్రహణం పూట కూడా ఈ కప్పు కదులుతుంది. 2009 జులై 22 సంపూర్ణ సూర్యగ్రహణం నాడు కోల్‌కతా శాస్త్రజ్ఞుల పూనికతో దేశంలో అనేక చోట్ల రిసీవర్లు పెట్టి ఈ విజయనారాయణం సంకేతాన్నే పట్టారు. చంద్రుడి నీడ కింద కొద్ది నిమిషాలపాటు ‘డి’ పొర రాత్రి వైపు మళ్లడం సంకేతపు బలంలో కనిపించింది.

ట్రాన్స్‌మిటర్ లేకపోయినా ప్రకృతి తానే తరంగాలు పంపుతుంది. ప్రతి మెరుపూ కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర బలమైన రేడియో తరంగం. రాత్రిపూట దూరపు మెరుపు తరంగం ఈ నడవాలో పైకీ కిందికీ తగులుతూ వచ్చేటప్పుడు ఒక హద్దు పౌనఃపున్యం కంటే తక్కువవి అలా తగులుతూ సాగలేవు. తరంగం పొడవులో సగమైనా కప్పు ఎత్తులో ఇమడాలి. హద్దుకు దగ్గరగా ఉన్నవి ఆలస్యంగా చేరతాయి కాబట్టి స్పీకరులో ‘ట్వీక్’ అని పిట్ట కూసినట్టు చప్పుడవుతుంది. ఆ కూత 1,765 హెర్ట్జ్ దగ్గర ఆగిందనుకోండి. కాంతి వేగం మూడు లక్షల కిలోమీటర్లను ఆ సంఖ్యకు రెట్టింపుతో భాగించండి. 85 వస్తుంది. ఆ రాత్రి కప్పు ఎత్తు ఎనభై ఐదు కిలోమీటర్లు. ఎక్కడో బంగాళాఖాతం మీద మెరిసిన మెరుపు మనకు ఆకాశం కొలత చెప్పి పోయింది.

ఇంటి మేడ మీద ప్రయోగశాల

ఈ కొలతలకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. మీటరు పక్కలున్న చెక్క చట్రం, దాని మీద మోటారు వైండింగ్ షాపులో దొరికే పూత రాగి తీగ కొన్ని పదుల చుట్లు, ఒక చిన్న ఆంప్లిఫయర్, సౌండ్ కార్డు ఉన్న పాత కంప్యూటర్ ఉంటే చాలు. సెకనుకు 48,000 సార్లు కొలిచే సౌండ్ కార్డు 24 కిలోహెర్ట్జ్ దాకా వినగలదు. 18.2 అందులోనే ఉంది. చట్రం అంచు దక్షిణ నైరుతి వైపు చూసేలా నిలబెట్టాలి, అటే విజయనారాయణం. ట్యూబ్‌లైట్లు, ఎల్ఈడీ దీపాలు, మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల గరగర ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. కర్మాగారాలూ కరెంటు రైళ్లూ ఉన్న నగరం నడుమ కంటే భీమిలి వైపో, అనకాపల్లి వైపో ఉన్న కాలేజీ మేడ దీనికి అనువైన చోటు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య ఎల్1లో సూర్యుడి ఎక్స్ కిరణాలను కొలిచే పరికరాలు రెండు ఉన్నాయి. సౌరజ్వాలల ఎక్స్ కిరణాల లెక్కలు ఇవాళ ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. పక్కన మీ రాగి తీగ గీసిన గీత పెట్టండి. సూర్యుడి దగ్గర జరిగిందీ, మన నెత్తిమీద దాని ఫలితమూ ఒకే కాగితం మీద కనిపిస్తాయి. ఒక్క రోజు గీతతో తెలిసేది తక్కువ. ఒక సౌరచక్రం అంటే పదకొండేళ్లు. పదకొండేళ్ల గీతలు వరసగా పేర్చిన బడి ఏదైనా ఉంటే దాని నోటుపుస్తకం ఏ విశ్వవిద్యాలయానికైనా పనికొస్తుంది.

శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, ఆదిలాబాద్ నుంచి నల్గొండ దాకా భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఇది నా విన్నపం. మీ పిల్లలతో ఒక చట్రం చుట్టించండి, రోజూ ఒకే వేళకు చూడమనండి, తేదీ వేసి రాయించండి, పై తరగతికి వెళ్లేటప్పుడు కింది తరగతికి అప్పగించమనండి. వాల్తేరులో మూడు ఏరియళ్లతో మొదలైన పనిని ముందుకు తీసుకుపోవడానికి మనకు కావలసింది తీగ, ఓపిక, క్రమం తప్పని లెక్క. ఈ మూడూ మన బళ్లలో దొరుకుతాయి.